గోదారిని పట్టిన మోట

నా చిన్నప్పుడు మా ఊళ్ళో పిసినారితనానికి మా తాతయ్యే కొలత. ఎవరైనా చెయ్యి కాస్త బిగించి ఖర్చు పెడితే ఆయన పేరు చెప్పి నవ్వేవారు. తెగిన చెప్పు ఆయన దగ్గర తలుపుకు బందు అయ్యేది, విరిగిన నాగలి కర్ర పొయ్యిలోకి పోకుండా మంచం కోడు అయ్యేది. మా తాతయ్య దృష్టిలో పారవలసింది నీళ్ళు మాత్రమే, పారేయవలసింది ఏదీ లేదు. ఆ రక్తమే నాలోనూ ఉంది కాబోలు, ఈ డెబ్బై దాటిన వయసులో మోకాళ్ళు సహా పాతవన్నీ అలాగే వాడుకుంటున్నాను.

మా ఊరు గోదావరికి ఇవతల, కరీంనగర్ వైపు. అవతలి ఒడ్డు ఆదిలాబాద్ జిల్లా. ఆ రోజుల్లో మా దగ్గర వంతెన లేదు. అంగడికి పోవాలన్నా, పిల్లనిచ్చిన ఇంటికి పోవాలన్నా పడవ ఎక్కాల్సిందే. ఆ ఏడు వానాకాలం మాతో వింత ఆట ఆడింది. ఎగువన మరాఠీ దేశంలో వానలు దంచికొట్టాయి, గోదావరి రెండు ఒడ్లూ తాకుతూ పోతోంది. మా ఊరి మీద మాత్రం చినుకు లేదు. కళ్ళ ముందు అంత నీళ్ళు పోతుంటే తాతయ్య పసుపు చేను ఆకులు చుట్ట చుట్టుకుని నిలబడింది. ఆ పసుపే మా ఇంటికి ఏడాది తిండి. అది ఎండితే మరుసటి ఏటికి విత్తనం కొమ్ములు కూడా మిగలవు.

చేనును బతికించడానికి ఉన్నది ఒక్క మోటబావి. కరెంటు మోటార్లు చూసిన వారికి మోట అంటే తెలియకపోవచ్చు. అది తోలుతో కుట్టిన పెద్ద సంచి. పైన ఇనుప కట్టు బిగించిన వెడల్పు నోరు, కింద ఏనుగు తొండంలా పొడుగ్గా సన్నగా సాగిన గొట్టం. నోటికి లావుపాటి మోకు, తొండం కొసకు సన్న తాడు కట్టి ఉంటాయి. ఎద్దులు మోకును గుంజుకుంటూ ముందుకు నడుస్తుంటే నీళ్ళు నిండిన మోట బావిలోంచి పైకి వస్తుంది. సన్న తాడు తొండాన్ని మడిచి పట్టినంతసేపు నీళ్ళు ఆగుతాయి, తొండం కాలువలోకి జారగానే బుస్సున పారతాయి. మా మోటకు అతుకు మీద అతుకు వేసి వేసి, ఆ అతుకుల మధ్య అసలు మోట ఎక్కడుందో వెతుక్కునే స్థితి వచ్చింది. చివరికి ఒకనాడు బావి మధ్యలోనే చిరిగి నీళ్ళన్నీ మళ్ళీ బావికే ఇచ్చేసింది. అప్పుడు గాని తాతయ్య కొత్త మోటకు ఒప్పుకోలేదు.

అవతలి ఒడ్డు ఊళ్ళో మోటలు కుట్టడంలో చెయ్యి తిరిగిన ఒక పెద్దాయన ఉండేవాడు. మోట తయారైందని కబురు రాగానే తాతయ్య బయలుదేరాడు. పడవ ఎక్కాలన్న ఆశతో నేనూ వెంటపడ్డాను. నీళ్ళంటే భయం కాదా అని అమ్మ అడిగితే, పడవ ఎక్కినోళ్ళు పడరు, అందుకే దానికి పడవ అని పేరు పెట్టారని తాతయ్య నా తరఫున జవాబు చెప్పాడు. ఆయన మీద నమ్మకంతో ఎక్కాను. అప్పటికి నాకు ఎనిమిదో తొమ్మిదో ఏళ్ళు, మాటలకు మోసపోయే వయసు. ఆ వయసు ఇంకా పూర్తిగా పోలేదని మా పిల్లలంటారు.

మోట కుట్టిన తాత ఇంటి ముందు మా తాతయ్య చేసిన హడావిడి చూడాలి. కుట్టు కుట్టునూ వేలితో తడిమాడు. తోలు వాసన చూశాడు. అంతటితో ఆగక, ఇంటి నుంచి తెచ్చిన మోకు, సన్న తాడు రెండూ కట్టి అక్కడి బావిలోనే దించి చూడాలన్నాడు. ఆ తాత నవ్వుకుంటూ తన ఎద్దులను కట్టి చూపించాడు. నిండు మోట పైకి వచ్చింది, ఒక్క బొట్టు కారలేదు. తప్పు దొరకనందుకు తాతయ్య ముఖం కొంచెం చిన్నబోయినట్టు నాకు అనిపించింది. విప్పి మళ్ళీ కట్టే పని దండగ అని తాళ్ళను అలాగే ఉంచి మోటను భుజాన వేసుకున్నాడు.

తిరుగు పడవలో మా పక్కింటి అక్క కలిసింది. వాళ్ళది సాలెవారి ఇల్లు. మగ్గం చప్పుడు వింటూనే మేము నిద్రపోయేవాళ్ళం, అది ఆగితే మెలకువ వచ్చేది. పుట్టింటికి పోయిన అక్క వస్తూ వస్తూ నూలు మూట తెచ్చుకుంటోంది. ఆమెకూ తాతయ్యకూ మాటల్లో ఎప్పుడూ పోటీ. కొత్త మోటను చూడగానే అందుకుంది.

"గిదేం చోద్యం పెద్దబాపు. నువ్వు కొత్త వస్తువు కొన్నవంటే ఇయ్యాల్ల వాన పడుతది."

"పడనీ బిడ్డా. పడితే మోటను పెట్టెల పెట్టి దాస్త," అన్నాడు తాతయ్య.

పడవలో అంగడి నుంచి వస్తున్న మరికొందరు గంపలతో, కుండలతో కూర్చున్నారు. అందరూ నవ్వారు. అక్క మాట సగం నిజమైంది. నడి గోదావరికి చేరామో లేదో తూర్పున ఆకాశం నల్లబడింది. వాన రాలేదు, గాలి వచ్చింది. మామూలు గాలి కాదు, ఎవరో తలుపు తన్నుకుని లోపలికి వచ్చినట్టు వచ్చింది. నది పడమటి నుంచి తూర్పుకు పోతోంది, గాలి తూర్పు నుంచి పడమటికి తోస్తోంది. రెండూ ఒకదాన్నొకటి ఢీకొని నీళ్ళు గోడల్లా లేచాయి.

పడవ నడిపే ఆయన గట్టి మనిషి. ఆయన గడ వేసి చూశాడు, వరద లోతుకు అడుగు అందలేదు. తెడ్డు వేశాడు, గాలి ముందు అది గరిటెలా అయింది. పడవ అడ్డం తిరిగింది. అడ్డం తిరిగిన పడవకు ప్రతి అల పక్కటెముకల మీద కొట్టిన దెబ్బే. ఒక్కొక్క అలకు ఒక పక్క ఒరిగి, అంచు మీది నుంచి నీళ్ళు లోపలికి దూకేవి. ఆయన పడవ ముక్కున ఉన్న లంగరు బండను వదిలాడు. ఎండాకాలపు లోతుకు కొలిచి కట్టిన తాడు అది, బండ అడుగు తగలక నీళ్ళలో వేలాడింది. దాన్ని పైకి లాగేసి, బరువులన్నీ నీళ్ళలో పడేయమని కేక పెట్టాడు. ముందు ఆ మోటను తోసేయమన్నాడు.

గంపలు పోయాయి. కుండలు పోయాయి. ఎవరిదో మక్కజొన్నల సంచి పోయింది. అక్క నూలు మూటను ఒళ్ళోంచి తీసి రెండు చేతుల్లో పట్టుకుని కళ్ళు మూసుకుంది. నేను ఏడుస్తున్నాను. ఆనాటి పనుల్లో నా పేరు మీద ఇంతవరకు రాయదగింది ఈ ఏడుపు ఒక్కటే. తాతయ్య మాత్రం వంగి కూర్చుని మోట మోకును పడవ మధ్యలో ఉన్న అడ్డపలకకు చుట్లు చుట్టి ముడి వేస్తున్నాడు.

కళ్ళు తెరిచి అది చూసిన అక్కకు ఒళ్ళు మండింది. భయంలోనూ ఆమె నోరు తగ్గలేదు.

"పానాలు పోతుంటే మోటకు తాడు కడ్తున్నవా ముసలోడా. మునిగినంక గోదారి అడుగున పసుపు పెడతవా?"

తాతయ్య ముడి బిగించి, సన్న తాడు కొసను నడుముకు చుట్టుకుని, మోటను ఎత్తి నీళ్ళలోకి వదిలాడు. బరువు పోయింది, వస్తువు పోలేదు. ఆయన లెక్క అంతే.

మోట ఒక్క క్షణం తేలింది. తర్వాత నోరు తెరిచి నీళ్ళు మింగి మునిగిపోయింది. మోకు తీగలా బిగిసింది. పడవ మధ్యలో కట్టిన తాడు కావడంతో ఆ గుంజుడుకు పడవ ఇంకా ఒక పక్కకు వంగింది, నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చాయి. ఆడవాళ్ళ అరుపులు గాలిని కూడా మించాయి. పడవాయన నడుము నుంచి కొడవలి తీసి మోకు మీదికి ఎత్తాడు. తాతయ్య తన అరచేతిని మోకు మీద, సరిగ్గా కొడవలి దిగే చోట పెట్టాడు.

"కొయ్యకు తమ్మీ. పట్టింది."

"ఏం పట్టింది కాకా, దయ్యమా?"

"కింది నీళ్ళు పట్టింది. పైన గాలి ఆగమాగం జేస్తుంది గని, కింది నీళ్ళు సక్కగనే పోతున్నయ్. తాడును ముక్కుకు మారుద్దాం. గుంజేది ముక్కును గుంజనీ."

జీవితమంతా మోకు మీద చెయ్యి వేసి, బావిలో కనపడని మోట నిండిందో లేదో చెప్పిన మనిషి. ఆయన అరచేతికి ఏం తెలిసిందో పడవాయనకు అర్థమైంది. కొడవలి దించాడు. కాని మోకు కొస పడవ ముక్కు దాకా అందదు. ముక్కున ఉన్నది లంగరు తాడు. దాన్ని బండ నుంచి విప్పి మధ్యకు విసిరాడు. ఇప్పుడు ఈ సన్నటి లంగరు తాడునూ ఆ లావు మోకునూ కలిపి ముడి వేయాలి. తడిసిన తాళ్ళు, ఊగే పడవ. తాతయ్య వేసిన ముడి రెండుసార్లు జారింది.

అక్క ముందుకు జరిగింది. నూలు మూటను నా ఒళ్ళో పడేసి, తాతయ్య చేతుల్లోంచి తాళ్ళు లాక్కుంది. మగ్గం మీద పోగు తెగితే కన్ను మూసి తెరిచేలోగా అతికే చేతులు అవి. లావు పోగును వంచి మడత చేసి, సన్న పోగును దాని నడుమ నుంచి తెచ్చి, చుట్టి, తన కిందికే దూర్చి బిగించే ముడి అది. రోజుకు ఎన్నిసార్లు వేసేదో ఆమెకే తెలియదు. పోగుల మీద వేసేదాన్ని తాళ్ళ మీద వేసింది. వేసి, ఇక విప్పమన్నట్టు తాతయ్య వైపు తల ఊపింది.

తాతయ్య పలక మీది చుట్లు ఒక్కొక్కటే వదిలాడు. ఆఖరి చుట్టు జారగానే మోకు చేపలా ఎగిరి పక్కకు పోయింది. భారమంతా ముక్కు మీదికి మారింది. ముడి కిర్రుమంది, ఆగింది. పడవ ఒక్కసారి మమ్మల్ని గట్టిగా కుదిపి, ఎవరో ముక్కుతాడు పట్టి తిప్పినట్టు మెల్లగా తిరిగి గాలికి ఎదురు నిలబడింది.

ఆ తర్వాత జరిగింది ఇప్పటికీ నా ఒంటికి గుర్తు. అదే గాలి, అవే అలలు. కాని ఇప్పుడు అల వచ్చి ముక్కును తాకి రెండుగా చీలి అటూ ఇటూ పోతోంది. పడవ లేస్తోంది, దిగుతోంది, ఒరగడం లేదు. కింద ప్రవాహం మోటను పట్టుకుని తూర్పుకు పోతోంది, మోట మమ్మల్ని పట్టుకుని గాలికి ఎదురు గుంజుకుపోతోంది. పుట్టినప్పటి నుంచి ఎద్దులు మోటను గుంజడమే చూశాను. ఆనాడు మోటే ఎద్దయింది, మేమందరం దాని వెనక బండి.

మిగిలిన ఒకటి రెండు కుండలతో, చేతులతో అందరూ నీళ్ళు తోడసాగారు. నా పళ్ళు ఇంకా టకటకా కొట్టుకుంటున్నాయి. తాతయ్య నా పక్కన కూర్చుని, తొండానికి కట్టిన సన్న తాడు కొసను నా గుప్పిట్లో పెట్టాడు. జర జాగ్రత్తగా పట్టుకోమన్నాడు. గుంజితే తొండం పైకి లేచి మోట తలకిందులవుతుందట, అప్పుడు పట్టు పోతుందట. వదిలేస్తే మోటను మళ్ళీ పైకి తీయలేమట.

"గుంజకు, ఇడువకు. గంతే నీ పని," అన్నాడు.

భయపడే పిల్లకు ఏదో ఒక పని అప్పగించాడని ఇప్పుడు తెలుస్తుంది. అప్పుడు మాత్రం గోదావరి నా చేతిలోనే ఉందనుకున్నాను. ఆ తాడు సన్నగా వణుకుతూ, అడుగున ఏదో నెమ్మదిగా, తొందర లేకుండా పోతున్నట్టు చెబుతుండేది. దాన్ని వింటూ ఏడుపు ఎప్పుడు ఆపానో నాకు గుర్తు లేదు.

గాలి వచ్చినంత మొరటుగానే పోయింది. మబ్బులు మాకు ఒక్క చినుకు కూడా ఇవ్వకుండా పడమటికి దాటిపోయాయి. నీళ్ళు సద్దుమణిగాక పడవాయన మోకు పట్టి మోటను పైకి లాగబోయాడు. ఇంకొకాయన చెయ్యి వేశాడు. ఇద్దరు బలమైన మగవాళ్ళు పళ్ళు బిగించి లాగినా జానెడు కదిలితే మూరెడు వెనక్కి పోయింది. తాతయ్య మీసాల్లో నవ్వి, నా వైపు చూపించి, ఆ పిల్లను గుంజమనండి అన్నాడు. అందరూ నా వైపు తిరిగారు. నేను లేచి నిలబడి సన్న తాడును గుంజాను. తొండం లేచింది, మోట తలకిందులై నీళ్ళన్నీ కక్కేసి, ఖాళీ సంచిలా తోక ముందుగా తేలుతూ నా దగ్గరికి వచ్చింది. పడవంతా గొల్లున నవ్వింది. ఆ క్షణంలో నా అంత బలవంతురాలు ఉభయ జిల్లాల్లో లేదని నా గట్టి నమ్మకం.

మా రేవు దాటి చాలా కిందికి వచ్చేశాం. అక్కడి ఒడ్డున గడ దిగింది. గాలికి పడవ మునిగిందనుకుని ఒడ్డు వెంట ఏడ్చుకుంటూ పరుగెత్తుకొచ్చిన మా వాళ్ళు, మేము ఒకరి తర్వాత ఒకరం దిగుతుంటే లెక్కపెట్టుకున్నారు. ఎవరూ తగ్గలేదు. అమ్మ నన్ను కౌగిలించుకుని, ఆ చేత్తోనే వీపు మీద ఒకటి వేసింది. నేను ఆ దెబ్బను పట్టించుకునే స్థాయి దాటిపోయి ఉన్నాను.

తాతయ్య ఇంటికి కూడా పోలేదు. నేరుగా బావి దగ్గరికి పోయి ఎద్దులను కట్టాడు. పొద్దు ఇంకా కొంత మిగిలి ఉంది. ఊరు ఊరంతా బావి చుట్టూ చేరింది. గోదావరి నీళ్ళు తాగిన మోట మా బావిలోకి దిగి, నిండుగా పైకి వచ్చి, తొండం కాలువలోకి దించింది. పసుపు మొక్కల మొదళ్ళు నల్లగా తడిసి, ఎండిన మన్ను నీళ్ళు పీల్చే చప్పుడు వినిపించింది. ఎవరో ఈల వేశారు. తాతయ్య ఎద్దుల వెనక వెనక్కీ ముందుకీ నడుస్తూ, పెళ్ళి ఊరేగింపులో పెళ్ళికొడుకులా ఎవరినీ చూడనట్టు అందరినీ చూశాడు.

అక్క ఆయనను వదలలేదు. అందరి ముందూ అడిగింది.

"నిజం జెప్పు పెద్దబాపు. పడవ ఆగుతదని ఎరికయ్యే కట్టినవా?"

తాతయ్య ఎద్దులను ఆపాడు. అబద్ధం చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఆయన జీవితంలో మళ్ళీ రాదు. ఊరంతా నోరు తెరిచి నిలబడి ఉంది.

"లేదు బిడ్డా. కొత్త మోట పోతదని కట్టిన. కట్టినంక చేతికి ఎరుకైంది. నీ ముడి లేకుంటే గదీ పోతుండె, మనమూ పోతుంటిమి."

మొదట నవ్వింది అక్కే. ఆమె వెనక ఊరంతా నవ్వింది, తాతయ్యా నవ్వాడు. తనను తాను ఓడించుకుని అంత గొప్పగా గెలిచిన పిసినారిని నేను మళ్ళీ చూడలేదు.

మరునాడు పడవాయన వచ్చి, చిరిగిన పాత మోట ఏం చేస్తావని అడిగాడు. పడవలో పెట్టుకుంటానన్నాడు. తాతయ్య దాన్ని ఊరికే ఇచ్చేశాడు. ఇంట్లో అమ్మ ఆయన నుదురు తాకి జ్వరమేమోనని చూసింది. ఆ పాత మోటకు పడవాయన పెద్ద తాడు, చిన్న తాడు కట్టి ముక్కు దగ్గర చుట్టి పెట్టుకున్నాడు. చూసి చూసి అటూ ఇటూ రేవుల వాళ్ళు కూడా పాత మోటలు వెతుక్కున్నారు. మా దగ్గర దానికి గాలిమోట అని పేరు పడింది. మోట కుట్టిన తాత ఒకసారి పనిగట్టుకుని మా రేవుకు వచ్చి, పడవలో ఉన్న గాలిమోటను తిప్పి తిప్పి చూసి, గోదారిని పట్టే తోలు కుట్టానని మీసం తిప్పుకుని పోయాడట. ఆ మీసానికి ఆ హక్కు ఉంది.

పెళ్ళై నేను మందమర్రి వచ్చాను. ఇంటాయనది బొగ్గుబాయిలో, అదే గనిలో, పని. కాలనీలో సంసారమంటే గాలి ఏ పక్క నుంచి వస్తుందో తెలియని సంసారం. పిల్లల జ్వరాలు, ఇంటాయన నైట్ డ్యూటీలు, పుట్టింటి నుంచి వచ్చే కబుర్లు అన్నీ ఒక్కసారే మీదపడేవి. అలాంటప్పుడు వీధిలోకి పరుగెత్తాలనిపించేది, చేతికి అందినవన్నీ విసిరేయాలనిపించేది. నేను ఆ పనులు చేయకుండా చేట ముందు పెట్టుకుని కందిపప్పులో రాళ్ళు ఏరుతూ కూర్చునేదాన్ని. చేతులు నెమ్మదైన పనిలోకి దిగితే, పైన ఎంత గందరగోళం ఉన్నా మనసు మెల్లగా తిరిగి దానికి ఎదురుగా నిలబడుతుంది. అప్పుడు వచ్చిన కష్టం మన పక్కటెముకల మీద కొట్టదు, రెండుగా చీలి పోతుంది.

అమ్మ రాళ్ళు ఏరుతోందంటే ఇంట్లో ఏదో పెద్ద విషయమే జరిగిందని మా పిల్లలు ఇప్పటికీ నవ్వుతారు. నవ్వనీ. మా ఇంట్లో ఎన్నడూ ఎవరి పంటికీ రాయి తగల్లేదు, ఏ గాలికీ మా ఇల్లు అడ్డం తిరగలేదు.